పాత ర్యామ్ కొత్తదానికంటే ఎందుకు ఖరీదవుతుంది? షాపువాళ్లు మోసం చేస్తున్నారా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డీటీపీ, ఫొటో ప్రింటింగ్ షాపు నడుపుతున్నారు. రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి హెచ్81 అనే మదర్‌బోర్డు మీద నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, అందులో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ (డీడీఆర్ పక్కన అంకె ర్యామ్ తరాన్ని చెబుతుంది, పెద్ద అంకె అంటే కొత్త తరం). రెండోది బీ450 బోర్డు మీద రైజెన్ 5 3600, అందులో 8 జీబీ డీడీఆర్4 స్టిక్కులు రెండు. 2025 జూన్‌లో రెండో సిస్టమ్‌కి ఇంకో 16 జీబీ వేయిద్దామని షాపుకెళ్తే డీడీఆర్5 కంటే డీడీఆర్4కే ఎక్కువ చెప్పారు. పాత సరుక్కి ఎక్కువ రేటేంటి, మనల్ని చూసి పెంచారని తిరిగొచ్చేశారు. ఇప్పుడు వెళ్తే ఆ రేటుకీ దొరకడం లేదు. డీడీఆర్3 8 జీబీ స్టిక్కుకి చెప్పే ధర విని ఇంకా టెన్షన్ పెరిగింది. బోర్డు, ప్రాసెసర్ మార్చి డీడీఆర్5కే వెళ్దామా అన్నదీ మీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ రోజు చెప్పిన రేటు మిమ్మల్ని చూసి పెంచింది కాదు. 2025 జూన్‌లో 16 గిగాబిట్ల (8 గిగాబిట్లు ఒక జీబీ, అంటే 2 జీబీ) డీడీఆర్4 చిప్ ధర, అదే సైజు డీడీఆర్5 చిప్ ధరను స్పాట్ మార్కెట్లోనే (చిప్‌లు అప్పటికప్పుడు రోజు రేటుకి చేతులు మారే టోకు మార్కెట్) దాటేసింది. అంటే ప్రపంచమంతటా దాటింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా, చెన్నై రిచీ స్ట్రీట్ అయినా, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ అయినా ఆ గాలి తగలకుండా పోలేదు. మా వ్యాపారంలో ఉన్నవాళ్లం ఆ రోజుల్లో పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి నిలబెట్టుకోలేక కస్టమర్ల చేత మాటలు పడ్డాం.

ఎలక్ట్రానిక్ వస్తువు పాతబడితే ధర తగ్గుతుందని మనందరికీ ఒక నమ్మకం. టీవీ, ఫోన్ విషయంలో నిజమే. ర్యామ్ విషయంలో అది సగం దూరమే నిజం. కొత్త తరం వచ్చిన మొదట్లో అదే ఖరీదు. 2021 చివర్లో ఇంటెల్ 12వ తరంతో పాటు డీడీఆర్5 వచ్చినప్పుడు డీడీఆర్4కి దాదాపు రెట్టింపు ఉండేది, అదీ దొరికితే. తయారీ పెరిగేకొద్దీ కొత్తది దిగుతుంది, పాతది ఇంకా దిగుతుంది. పాతది అడుగు తాకి అక్కడ కొంతకాలం ఉంటుంది. ఆ తర్వాత ఒకరోజు ఫ్యాక్టరీలు దాన్ని చేయడం ఆపుతాయి. కొనేవాళ్లు మాత్రం ఆగరు. అక్కడి నుంచి ధర ఎదురు తిరుగుతుంది. డీడీఆర్2కీ ఇలాగే జరిగింది, డీడీఆర్3కీ ఇలాగే జరిగింది. డీడీఆర్4కి మనం చూస్తుండగా జరిగింది. చౌకగా దొరికే కాలం దాటిపోయిందని అందరికీ తెలిసేసరికి రేటు పెరిగిపోయి ఉంటుంది.

ఇలా ఎదురు తిరగడానికి అసలు కారణం, ర్యామ్‌లో ఒక తరానికి బదులు ఇంకో తరం పనికిరాకపోవడం. సిస్టమ్ ఆపి, స్టిక్కు బయటికి తీసి, బంగారు రంగు పళ్ల మధ్య ఉన్న గాటు ఒకసారి చూడండి. డీడీఆర్2, డీడీఆర్3 రెండిటికీ 240 పిన్నులే, కానీ గాటు ఉన్న చోటు వేరు. డీడీఆర్4, డీడీఆర్5 రెండిటికీ 288 పిన్నులే, మళ్లీ గాటు వేరు. పొరపాటున కూడా ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగకూడదని కావాలనే అలా పెట్టారు. ఎందుకంటే లోపల వోల్టేజీ వేరు. డీడీఆర్2కి 1.8 వోల్టులు, డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1. సిగ్నళ్లు నడిచే పద్ధతీ వేరు. పైగా ఇప్పటి సిస్టమ్‌లలో మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌తో మాట్లాడే భాగం) ప్రాసెసర్ లోపలే ఉంటుంది. మీ రైజెన్ 3600కి డీడీఆర్5 అంటే ఏంటో కూడా తెలియదు. ఆ తరం ర్యామ్ వాడాలంటే బోర్డు మార్చాలి, ప్రాసెసర్ మార్చాలి, ర్యామ్ కొనాలి.

కాబట్టి డీడీఆర్4 ధర ఎక్కడిదాకా పెరగగలదు అనేది డీడీఆర్5 ధర మీద ఆధారపడదు. ఆ మూడూ కలిపి మార్చడానికి ఎంతవుతుందో దాని మీద ఆధారపడుతుంది. అంతకంటే తక్కువ ఎంత చెప్పినా కొనేవాళ్లు ఉంటారు, ఎందుకంటే వాళ్లకి అదే చౌక. వేగం లెక్క చూస్తే డీడీఆర్5 మెరుగే. కానీ మీ స్లాట్‌లో దిగని మెరుగైన ర్యామ్ మీకు దేనికి? ధర చెప్పేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు.

కొనేవాళ్లు మనం మాత్రమే కూడా కాదు. సెట్ టాప్ బాక్సులు, వైఫై రౌటర్లు, స్మార్ట్ టీవీలు, ఫ్యాక్టరీల్లో సీఎన్‌సీ మెషిన్ల కంట్రోలర్లు, ఆసుపత్రి స్కానింగ్ యంత్రాలు, వీటన్నిటిలో డీడీఆర్3, డీడీఆర్4 చిప్‌లు బోర్డుకే అతికించి ఉంటాయి. ఒక స్కానింగ్ యంత్రాన్ని డీడీఆర్3తో డిజైన్ చేసి, పరీక్షలు పూర్తిచేసి, అనుమతులు తెచ్చుకున్న కంపెనీ మెమరీ ఒక్కటి మార్చినా ఆ తతంగమంతా మళ్లీ మొదలు. వాళ్ల యంత్రం మొత్తం ఖరీదులో మెమరీ ఖర్చు లెక్కలోకి కూడా రాదు. చిప్ ధర రెండింతలైనా కొంటారు, లేకపోతే యంత్రమే బయటికి పోదు. మన 8 జీబీ స్టిక్కు కోసం మనం పోటీ పడేది ఇలాంటి వాళ్లతో.

ఇక సరఫరా వైపు చూడండి. ప్రపంచంలో డీర్యామ్ (ర్యామ్ స్టిక్కుల మీద ఉండే రకం) మెమరీ చిప్‌లు తయారుచేసేది ప్రధానంగా మూడు కంపెనీలు: కొరియాలో శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. మార్కెట్లో 90 శాతానికి పైగా ఈ ముగ్గురిదే. మిగతా మనం చూసే బ్రాండ్లలో చాలా వరకు వీళ్ల దగ్గర చిప్‌లు కొని, స్టిక్కు మీద అతికించి, హీట్ సింక్ తగిలించి అమ్మేవే. ఒకప్పుడు ఇంతమందే కాదు. జర్మనీ కంపెనీ కిమోండా 2009లో దివాళా తీసింది. జపాన్ కంపెనీ ఎల్పిడా 2012లో దివాళా తీస్తే 2013లో మైక్రాన్ కొనేసింది. అదే 2013 సెప్టెంబర్‌లో చైనా వూషీలోని ఎస్‌కే హైనిక్స్ ఫ్యాక్టరీలో మంటలు రేగితే డీడీఆర్3 రేట్లు వెంటనే ఎగిరాయి. ఒక్క ఫ్యాక్టరీకి తగిలిన దెబ్బ ఊరూరా షాపుల్లో తెలిసింది. తయారుచేసేవాళ్లు ఇంత తక్కువమంది ఉన్న సరుకులో, ముగ్గురూ ఒకేసారి పాత తరం వద్దనుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

వాళ్లెందుకు వద్దనుకుంటారు? అమ్ముడుపోతున్న సరుకే కదా అని మీకు అనిపించవచ్చు. చిప్‌లు 300 మిల్లీమీటర్ల గుండ్రటి సిలికాన్ పలకల మీద తయారవుతాయి, వాటిని వేఫర్లు అంటారు. ఒక ఫ్యాక్టరీ నెలకి ఇన్ని వేఫర్లే నడపగలదు. రైతుకి ఉన్న పొలం ఎంతో అంతే అయినట్టు, మిర్చికి మంచి రేటున్న ఏడాది ఆ పొలంలో జొన్న వేయమంటే ఎవరు వేస్తారు? ఒక వేఫర్‌ని డీడీఆర్4కి వాడితే వచ్చే డబ్బు ఒకటి, సర్వర్ల డీడీఆర్5కి వాడితే వచ్చేది ఇంకొకటి, ఏఐ చిప్‌ల పక్కన పెట్టే హెచ్‌బీఎమ్ అనే మెమరీకి వాడితే వచ్చేది మరొకటి. ఆ హెచ్‌బీఎమ్ మామూలు మెమరీ కంటే ఎంత ఎక్కువ చోటు తింటుందంటే, ఒకే సామర్థ్యానికి డీడీఆర్5తో పోలిస్తే సుమారు మూడింతల వేఫర్లు పడతాయని మైక్రాన్ స్వయంగా చెప్పింది. అంటే ఏఐ గిరాకీ పెరిగేకొద్దీ మిగతా అందరికీ మిగిలే పలకలు తగ్గిపోతాయి. ముందు కోత పడేది లాభం తక్కువున్న పాత తరానికే.

ఇంకో సంగతి ఉంది, దీన్ని మీరు చేత్తో పట్టుకుని చూడొచ్చు. స్టిక్కు మీద నల్లటి చిప్‌లు లెక్కపెట్టండి. మామూలు డీడీఆర్3 8 జీబీ స్టిక్కు మీద రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉంటాయి, ఒక్కోటి 4 గిగాబిట్లు. డీడీఆర్4 8 జీబీ స్టిక్కు మీద సాధారణంగా 8 చిప్‌లు, ఒక్కోటి 8 గిగాబిట్లు. డీడీఆర్5 16 జీబీ స్టిక్కు మీద కూడా 8 చిప్‌లే, ఎందుకంటే ఒక్కోటి 16 గిగాబిట్లు. ఇప్పుడు పోల్చండి: 16 చిప్‌లు పెడితే డీడీఆర్3లో 8 జీబీ వచ్చింది, 8 చిప్‌లు పెడితే డీడీఆర్5లో 16 జీబీ వచ్చింది. కొత్త తయారీ పద్ధతిలో గీతలు సన్నబడతాయి, ఒకే వేఫర్ నుంచి ఎక్కువ జీబీలు పుడతాయి. పాత తరం చిప్‌లు పాత పద్ధతిలోనే, పాత సైజులోనే ఉండిపోయాయి. వాటిని కొత్త పద్ధతికి మార్చడానికి మళ్లీ డిజైన్ ఖర్చు పెట్టాలి. చనిపోబోయే తరం మీద ఆ ఖర్చు ఎవరూ పెట్టరు. డీడీఆర్5 స్టిక్కు మీద అదనంగా పవర్ నియంత్రించే చిప్ ఒకటి ఉంటుంది, చిప్‌ల లోపల తప్పులు దిద్దే ఏర్పాటు ఉంటుంది, అంత సరంజామా ఉన్నా సరే, తయారీ బాగా నడుస్తున్నప్పుడు జీబీకి పడే ఖర్చు తక్కువే అవుతుంది.

2025లో జరిగింది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఒక్క కారణంతో జరగలేదు. 2022, 2023లో మెమరీ సరుకు గుట్టలు పడిపోయింది. కొవిడ్ రోజుల్లో అందరూ ల్యాప్‌టాప్‌లు కొనేశారు, ఆ తర్వాత కొనేవాళ్లు లేరు. ధరలు పడిపోతే 2023 ఏప్రిల్‌లో శాంసంగ్ కూడా తయారీ తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో డీడీఆర్4 కారుచౌక. ఆ తర్వాత చైనాలోని హెఫేలో ఉన్న సీఎక్స్ఎమ్‌టీ అనే కంపెనీ డీడీఆర్4 చిప్‌లను తక్కువ ధరకి విపరీతంగా మార్కెట్లోకి వదిలింది. పెద్ద కంపెనీలు ముగ్గురికీ డీడీఆర్4లో మిగిలేది ఏమీ లేకుండా పోయింది. ఇటు హెచ్‌బీఎమ్ కోసం ఏఐ కంపెనీలు క్యూ కట్టాయి. దాంతో డీడీఆర్4 ఆపేస్తామని ఒకరి తర్వాత ఒకరు కస్టమర్లకి కబురు పంపడం మొదలుపెట్టారు. 2025 జూన్‌లో మైక్రాన్ కూడా ఆ మాటే ధ్రువపరిచింది. చివరికి ధరలు పడగొట్టిన సీఎక్స్ఎమ్‌టీ కూడా డీడీఆర్5 వైపు తిరిగింది.

ఇలాంటి కబురు వచ్చినప్పుడు పెద్ద కొనుగోలుదారులు ఏం చేస్తారంటే, ఆఖరి ఆర్డర్ పెడతారు. రాబోయే రెండు మూడేళ్లకి ఎంత కావాలో అంతా ఇప్పుడే కొని గోదాములో పెట్టుకుంటారు. గిరాకీ పెరగలేదు, రేపటి గిరాకీ ఇవాళే వచ్చి పడింది. దాన్ని చూసి మధ్యలో ఉన్న డీలర్లు స్టాక్ బయటికి తీయడం మానేస్తారు, ఎలాగూ రేపు ఇంకా పెరుగుతుందని. ఇదంతా జరిగాక మిగిలిన కాస్త సరుకు కోసం చిన్న చిన్న స్టిక్కు తయారీదారులు, మనలాంటి షాపులు ఎగబడ్డాం. ఆ వారాల్లోనే డీడీఆర్4, డీడీఆర్5ని దాటింది. మీరు షాపుకెళ్లింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

మరి ఇన్ని డీడీఆర్4 బోర్డులు వాడకంలో ఉన్నాయని వాళ్లకి తెలియదా అంటే, బాగా తెలుసు. ఇంటెల్ ఆరో తరం నుంచి 14వ తరం దాకా డీడీఆర్4 బోర్డులు వచ్చాయి. ఏఎండీ ఏఎమ్4 సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు, మీ బీ450దీ అదే రకం) మొత్తం డీడీఆర్4 మీదే నడుస్తుంది. 2025 జూన్‌లో కూడా ఏఎండీ లాటిన్ అమెరికా మార్కెట్ కోసం ఏఎమ్4కి రైజెన్ 5 5500ఎక్స్3డీ అనే కొత్త ప్రాసెసర్ తెచ్చింది. ర్యామ్ ఆపేస్తున్న నెలలోనే ఆ ర్యామ్ కావాల్సిన ప్రాసెసర్ కొత్తగా వచ్చిందంటే చూడండి. చిప్ తయారుచేసేవాళ్ల లెక్కలూ, బోర్డులు వాడుకునే వాళ్ల అవసరాలూ ఎప్పుడూ ఒక దారిన నడవవు.

ధర పెరిగింది కదా, మళ్లీ మొదలుపెట్టొచ్చు కదా అని ఇంకొందరు అడుగుతారు. డీడీఆర్4 లైన్లను అనుకున్నదానికంటే ఇంకొంతకాలం నడుపుతారని తర్వాత వార్తలొచ్చాయి, నిజమే. కానీ ఒక వేఫర్ ఫ్యాక్టరీలోకి వెళ్లి చిప్‌లై బయటికి రావడానికే సుమారు మూడు నెలలు పడుతుంది. ఒకసారి వేరే తరానికి మార్చిన మెషిన్లను వెనక్కి తిప్పడం అంటే ఆ కాలానికి అటు లాభం వదులుకోవడం. పైగా అలా నడిపినా ఆ సరుకు ముందుగా వెళ్లేది దీర్ఘకాల ఒప్పందాలున్న సర్వర్, పారిశ్రామిక కస్టమర్లకి. షాపు కౌంటర్ దాకా వచ్చేది మిగిలింది మాత్రమే.

మీరు ఇప్పుడు చూస్తున్న ధరలకి మాత్రం ఇంకో కథ తోడైంది. 2025 అక్టోబర్ 1న సియోల్‌లో ఓపెన్‌ఏఐ కంపెనీ శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌తో ప్రాథమిక అవగాహన కుదుర్చుకుంది. నెలకి 9 లక్షల వేఫర్ల దాకా లక్ష్యమని చెప్పారు. ఆ తర్వాతి వారాల్లో డీడీఆర్5 ధర కూడా చుక్కలనంటింది. డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్ కింద మామూలు వినియోగదారులకి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. అంటే పాతది ఆగిపోవడం వల్ల ఖరీదైంది, కొత్తది ఏఐ ఎత్తుకుపోవడం వల్ల ఖరీదైంది. ఈ రెండిటినీ కలిపేసి ఆలోచిస్తే తప్పు నిర్ణయాలు తీసుకుంటాం. ఏఐ వల్ల పెరిగిన డీడీఆర్5 ధర ఫ్యాక్టరీలు పెరిగితే తగ్గుతుంది. డీడీఆర్4 కొత్త స్టిక్కుల ధర అలా తగ్గుతుందని నేను అనుకోను. కాస్త తగ్గేది సెకండ్ హ్యాండ్ మార్కెట్లోనే, జనం డీడీఆర్5కి మారి పాత స్టిక్కులు అమ్ముకున్నప్పుడు.

షాపువాళ్ల గురించి ఒక మాట. పాత రేటుకి కొన్న స్టాక్‌ని కొత్త రేటుకి అమ్ముతున్నారని చాలామందికి కోపం. నేనూ కౌంటర్ అటువైపు కూర్చున్నవాణ్ణే కాబట్టి చెబుతున్నాను. ఒక స్టిక్కు అమ్మితే దాని స్థానంలో మళ్లీ ఒకటి తెచ్చిపెట్టాలి. అది ఇవాళ్టి డాలర్ రేటుకి, ఇవాళ్టి డీలర్ రేటుకి వస్తుంది, పైన 18 శాతం జీఎస్టీ. పాత రేటుకి అమ్మితే ఆ డబ్బుతో అదే స్టిక్కు తిరిగి కొనలేం. గుజరాత్ సాణంద్‌లో మైక్రాన్ ప్లాంటు పెట్టింది కదా, ఇక మనకి చౌకగా వస్తుందా అని కూడా అడుగుతున్నారు. అక్కడ జరిగేది చిప్‌ల ప్యాకింగ్, టెస్టింగ్. వేఫర్లు అక్కడ తయారవవు. కాబట్టి కొరత తీర్చే ప్లాంటు కాదది.

పాతదంతా ఖరీదే అనుకోవద్దు, ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. డీడీఆర్2 1 జీబీ స్టిక్కులు ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్లు లేరు. అదే డీడీఆర్2 4 జీబీ స్టిక్కు అంటే అరుదు, ధర కూడా అలాగే. స్లాట్లు రెండే ఉన్న బోర్డుకి పెద్ద స్టిక్కు తప్ప దారి లేదు, ఆ పెద్ద స్టిక్కులు అప్పట్లోనే తక్కువ తయారయ్యాయి. ఏ తరంలోనైనా ఆ తరానికి సాధ్యమైన అతి పెద్ద సైజే చివరికి బాగా ఖరీదవుతుంది.

జీ41 అనే పాత ఇంటెల్ బోర్డుల సంగతి చూడండి. మన ఊళ్లలో జిరాక్స్ షాపుల్లో, నెట్ సెంటర్లలో ఇవి ఇంకా కనిపిస్తాయి. డీడీఆర్3 తీసుకునే జీ41 బోర్డుకి 2 గిగాబిట్ల చిప్‌ల వరకే అర్థమవుతుంది. కాబట్టి దానికి పనికొచ్చే 4 జీబీ స్టిక్కు మీద 16 చిప్‌లు ఉండాలి. తర్వాత వచ్చిన 8 చిప్‌ల 4 జీబీ స్టిక్కు దాంట్లో సరిగ్గా పనిచేయదు. రెండిటి మీదా ఒకే పేరు, ఒకే స్పీడు రాసి ఉంటుంది. తెలిసినవాళ్లు "16 చిప్‌ది ఉందా" అని అడిగి కొంటారు. అందుకే ఆ పాత డిజైన్‌కి కొంచెం ఎక్కువ చెబుతారు. తెలియనివాళ్లు చౌకగా 8 చిప్‌ది కొనుక్కెళ్లి, డిస్‌ప్లే రావడం లేదని బోర్డుని అనుమానిస్తారు. మీ హెచ్81కి ఈ ఇబ్బంది లేదు, రెండు స్లాట్లలో 8 జీబీ చొప్పున 16 జీబీ దాకా తీసుకుంటుంది.

ఆన్‌లైన్‌లో "ఏఎండీ ఓన్లీ" అని డీడీఆర్3 8 జీబీ స్టిక్కులు అనుమానం వచ్చేంత చౌకగా కనిపిస్తాయి. వాటిలో చిప్‌ల అమరిక వేరు, ఇంటెల్ కంట్రోలర్లు దాన్ని గుర్తించవు. మీ ఐ5లో అవి పనిచేయవు. అమ్మేవాళ్లు ఆ మాట ఒక్కోసారి వివరాల అడుగున చిన్న అక్షరాల్లో పెడతారు.

ఇంకా పెద్ద ఉచ్చు సర్వర్ ర్యామ్. డేటా సెంటర్లు పాత సర్వర్లు తీసేసినప్పుడు డీడీఆర్3, డీడీఆర్4 స్టిక్కులు కుప్పలుగా బయటికొస్తాయి. మామూలు డెస్క్‌టాప్ స్టిక్కు కంటే ఇది ఎంతో చౌకగా దొరికిన రోజులున్నాయి. అదే తరం, అదే పిన్నులు, గాటు కూడా అక్కడే, స్లాట్‌లో చక్కగా దిగుతుంది. కానీ సిస్టమ్ లేవదు. ఆ స్టిక్కు మధ్యలో రిజిస్టర్ అనే అదనపు చిప్ ఒకటి ఉంటుంది, మన డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దాంతో మాట్లాడలేవు. లేబుల్ మీద వేగం రాసిన వరుసలో ఆర్ అక్షరం ఉంటే అది రిజిస్టర్డ్ అని గుర్తు, డెస్క్‌టాప్‌దైతే యూ ఉంటుంది. డీడీఆర్5లో ఈ రెండిటికీ గాటు కూడా వేరు చేశారు కాబట్టి ఆ పొరపాటుకి తావులేదు. ఒకే తరం మెమరీ, ఒకటి గుట్టలుగా పడి ఉంది, ఇంకొకటి దొరకడం లేదు. స్లాట్‌కి సరిపోవడమే ధర అని నేను పైన చెప్పింది ఇక్కడ బాగా కనిపిస్తుంది.

ఇది కొత్త జబ్బు కాదు. 2000లో పెంటియమ్ 4 వచ్చినప్పుడు మొదటి బోర్డులు ర్యాంబస్ ఆర్‌డీర్యామ్ అనే వేరే రకం ర్యామ్ మాత్రమే తీసుకునేవి. అది జతలుగా వేయాలి, ఖాళీ స్లాట్‌లో కూడా ఒక డమ్మీ స్టిక్కు పెట్టాలి. ఆ తర్వాత ఇంటెలే మామూలు ఎస్‌డీర్యామ్, డీడీఆర్ వైపు వచ్చేసింది. ఆర్‌డీర్యామ్ బోర్డులు కొన్నవాళ్లు మాత్రం ర్యామ్ పెంచుకోవాల్సి వచ్చినప్పుడు, పక్కవాడు డీడీఆర్‌కి పెట్టేదానికి మించి పెట్టాల్సి వచ్చింది.

ఇక మీ రెండు సిస్టమ్‌ల సంగతి.

ఐ5 నాలుగో తరం దానికి కొత్త డీడీఆర్3 స్టిక్కు కొనొద్దు. విండోస్ 11 అధికారికంగా ఆ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు, విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టైపింగ్, ప్రింటింగ్‌కి వాడుకుంటూ ఉంటే మంచి సెకండ్ హ్యాండ్ 4 జీబీ స్టిక్కు ఒకటి వేసి 8 జీబీ చేసుకోండి, చాలు. దాంట్లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే ముందు ఎస్ఎస్‌డీ వేయండి, తేడా మీకు ర్యామ్ కంటే దాంట్లోనే ఎక్కువ కనిపిస్తుంది. ఒక్కటి మాత్రం ముందే చూడండి: అందులో ఉన్నది 32 బిట్ విండోస్ అయితే 4 జీబీ మించి వాడుకోదు. మీరెంత ర్యామ్ వేసినా డబ్బు దండగ. నా దగ్గరికొచ్చే పాత సిస్టమ్‌లలో ఇది తరచూ చూస్తుంటాను.

రైజెన్ సిస్టమ్ మాత్రం డబ్బు పెట్టదగ్గది. ఫొటోషాప్‌లో పెద్ద ఆల్బమ్‌లు తెరిచినప్పుడు నిజంగా 16 జీబీ చాలడం లేదా అనేది టాస్క్ మేనేజర్ తెరిచి, పనిచేస్తున్నప్పుడే మెమరీ పేజీలో చూడండి. ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కూడా అక్కడే ఉంటుంది. నాలుగు స్లాట్ల బోర్డైతే ఉన్న రెండు స్టిక్కులు అలాగే ఉంచి, అదే స్పీడు, అదే సైజు 8 జీబీ స్టిక్కులు రెండు సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. రెండు స్లాట్లే ఉంటే 16 జీబీవి రెండు కొని మీ 8 జీబీ స్టిక్కులు అమ్మేయండి. ఇప్పుడు వాటికీ మంచి ధరే వస్తుంది, ఖర్చులో కొంత అక్కడే తిరిగొస్తుంది. బోర్డు, ప్రాసెసర్ మార్చి డీడీఆర్5కి వెళ్దామా అని అడిగారు. డీడీఆర్5 ఇంత పెరిగి ఉన్న సమయంలో మీ పనికి అది నేను చెప్పను. మీ బోర్డుకి బయోస్ (బోర్డు లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి ఏఎమ్4లోనే మెరుగైన ప్రాసెసర్ వేసుకునే వీలు ఇంకా ఉంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు జాగ్రత్త. ధర పెరిగిన ప్రతిసారీ పాత చిప్‌లు పీకి కొత్త స్టిక్కుల మీద అతికించి, పేరున్న బ్రాండ్ స్టిక్కర్ వేసినవి మార్కెట్లోకి వస్తాయి. స్టిక్కర్ చూసి నమ్మకండి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ అనే పేజీ తెరిస్తే స్టిక్కు తన గురించి తాను చెప్పుకునే సైజు, స్పీడు, తయారీదారు కనిపిస్తాయి. ఆ వివరాలను కూడా మార్చి రాయొచ్చు కాబట్టి అక్కడితో ఆగకండి. స్టిక్కు మీది చిప్‌లన్నిటి మీదా ఒకే కంపెనీ గుర్తు, ఒకే రకం నంబర్ ఉన్నాయో లేదో వెలుతురులో చూడండి. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడవనివ్వండి. పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ స్టిక్కు తిరిగిచ్చేయండి, "ఒకటే కదా" అని సర్దుకుంటే ఎప్పుడో ఒకరోజు కస్టమర్ ఆల్బమ్ ఫైలు పాడవుతుంది. అలా తిరిగివ్వాలంటే బిల్లు ఉండాలి, బిల్లు మీద స్టిక్కు నంబరు ఉండాలి, కనీసం వారం రోజుల మార్పిడి హామీ రాయించుకోవాలి. ఈ మూడూ ఇవ్వని చోట వంద రూపాయలు తక్కువకి వస్తున్నా కొనొద్దు.